ఫ్రెంచి మనకెందుకప్పా?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైస్కూల్లో ఫ్రెంచి తీసుకోవడం గురించి మాట్లాడమని సంఘం వాళ్లు నన్నడిగారు. ఎందుకో చెప్తాను. మన బడిలో చదివి హైదరాబాదులో, బెంగళూరులో స్థిరపడిన మిత్రులు చాలామంది పిల్లల్ని సీబీఎస్ఈ బడుల్లో వేశారు. అక్కడ ఏదో ఒక తరగతిలో ఒక ఫారం చేతికిస్తారు. తెలుగా, కన్నడమా, హిందీయా, సంస్కృతమా, ఫ్రెంచా, టిక్కు పెట్టమంటారు. నాకు కాస్త ఫ్రెంచి వచ్చని వీళ్లకు తెలుసు. రాత్రి పదింటికి ఫోన్ చేసి, "రేపే ఆఖరు తేదీ, ఏది పెట్టమంటావు?" అంటారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు అందరికీ ఒకేసారి చెప్పెయ్యమన్నారు. మాట్లాడతానని ఒప్పుకున్నాక నిన్న సాయంత్రం బస్టాండు దగ్గర ఒక పెద్దాయన, "ఫ్రెంచి మనకెందుకప్పా, మన పిల్లోళ్లకు ఇంగ్లీషే సక్కగా రాదు" అన్నాడు. ఈ రోజు నా మాటలు ఎక్కువగా ఆయనకు జవాబే.

ముందు మార్కుల సంగతి తేల్చేద్దాం. ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజి జాబితా పెద్దది. తెలుగు, హిందీ, ఉర్దూ, కన్నడం, సంస్కృతం, అరబ్బీ, ఫ్రెంచి అన్నీ ఉన్నాయి. కానీ చాలా ఏళ్లుగా మన ఎంపీసీ, బైపీసీ పిల్లల్లో ఎక్కువమంది తీసుకున్నది సంస్కృతం. 1000 మార్కుల్లో 200 ఆ పేపర్లవి. జవాబులు తెలుగు లిపిలో రాయొచ్చు, మార్కులు దండిగా పడతాయి. పరీక్ష అయిన మర్నాడు ఒక్క శ్లోకం గుర్తుండదు. అది సంస్కృతం తప్పు కాదు పాపం. పట్నం బడుల్లో ఫ్రెంచి గతి కూడా చాలాచోట్ల ఇదే. రెండేళ్లు చదివి, తన పేరు, వయసు, ఇంట్లో ఎందరున్నారో చెప్పడం వచ్చి, పదో తరగతితో దులిపేసుకుంటారు. స్కోరింగ్ కోసమే ఫ్రెంచి అనుకునేవాళ్లు దయచేసి నాకు ఫోన్ చెయ్యొద్దు.

ఇంకో మాట కాస్త గట్టిగానే అంటాను. ఆ ఫారంలో ఫ్రెంచికి టిక్కు పెట్టారంటే చాలాసార్లు తెలుగుకు టిక్కు పోయినట్టే. హైదరాబాదులో పుట్టి పెరిగి, బస్సు మీద బోర్డు కూడా చదవలేని మనవళ్లు మనలో ఎందరికి లేరు? తెలంగాణ ప్రభుత్వం 2018లో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అని చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఇంటి భాషను తీసేసి దాని కుర్చీలో ఫ్రెంచిని కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. మూడో భాషగానో, నాలుగో భాషగానో వస్తే రానివ్వండి.

నాలుగా అని భయపడకండి. మన సీమ పడమటి మూలన నాలుగు భాషలు ఎవరికి కొత్త? ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లావే. గీత అటు జరిగినా ఇటు జరిగినా సంతలో మాట మారలేదు. మన వాళ్లు ఒకే బేరంలో తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, ఉర్దూలో ధర తెగ్గొడతారు. మన ఊరి పేరే చూడండి, 'హ'తో మొదలైంది. తెలుగులో 'ప' ఉన్నచోట కన్నడంలో 'హ' వస్తుందని మనకు ఎవరూ పాఠం చెప్పలేదు. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు, పల్లె హళ్ళి, పది హత్తు. అయిదేళ్ల పిల్లవాడు ఈ సూత్రం పట్టేసి, ఎప్పుడూ వినని కన్నడ మాటను కూడా ఊహించుకుంటాడు.

నేను ఫ్రెంచి మొదలుపెట్టింది ముప్పై ఆరేళ్లప్పుడు, సెనెగల్‌లో నీటి పైపులైను పనికి వెళ్లాల్సి వచ్చి. అప్పుడు నన్ను గట్టెక్కించింది ఈ హాలు-పాలు లెక్కే. ఇంగ్లీషులో స్కూల్ అన్నది వాళ్లకు ఎకోల్. స్పైస్ ఎపీస్. హాస్పిటల్ ఓపితాల్, ఫారెస్ట్ ఫొరే. పాత 'స' జారిపోయింది. కొన్ని మాటల్లో అది ఉండిన చోట అక్షరం నెత్తిన చిన్న టోపీ గుర్తు పెడతారు, పోయినవాళ్ల పటానికి దండ వేసినట్టు. ఈ కిటుకు తెలిస్తే ఇంగ్లీషు కొంచెం వచ్చినవాడికి కూడా వందల మాటలు ఉచితంగా వస్తాయి.

ఇంకా కొన్ని మనకు కలిసొస్తాయి. నువ్వు, మీరు అనే తేడా ఇంగ్లీషులో లేదు, ఫ్రెంచిలో ఉంది: త్యు, వూ. సైటులో వయసు మళ్లిన మేస్త్రీని ఏమని పిలవాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వస్తువులకు ఆడ, మగ తేడా ఉంటుంది. హిందీ పరీక్షలో దానితో వేగినవాళ్లమే కదా. కలిసిరానివీ ఉన్నాయి. రాసినవన్నీ పలకరు. రాసిందే పలికే అలవాటున్న మనకు అది మొదటి చిరాకు. అంకెలు ఇంకో తమాషా. తొంభై ఏడు అనాలంటే నాలుగిరవైలు పదిహేడు అనాలి. మొదటి నెల కూలీల హాజరు పట్టీ పిలవడానికి నాకు చెమటలు పట్టాయి. పెదవులు సున్నాలా చుట్టి 'ఇ' పలికితే వచ్చే ఒక శబ్దం ఉంది, అది నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. పన్నెండేళ్ల నోటికి అది వారంలో వస్తుంది. బడిలో మొదలుపెట్టడం మేలని నేననేది అందుకే.

ఇంజనీరుగా ఒక ముచ్చట చెప్పనివ్వండి. ఆ పనిలో నా చేతికి వచ్చిన మొదటి డ్రాయింగు మీద ప్రతి పైపు పక్కన 'దెబి' అని ఉంది. ఇంగ్లీషు కళ్లతో చూస్తే డెబిట్, బ్యాంకు మాట. ఫ్రెంచిలో అది ప్రవాహం, సెకనుకు ఎన్ని లీటర్లని. ఓవర్‌హెడ్ ట్యాంకును వాళ్లు 'షాతో దో' అంటారు, అంటే నీటి కోట. ఆదోని కోట చూసి పెరిగినవాడిని, ఆ మాట ఒక్కసారికే అతుక్కుంది. మన సుంకేసుల బ్యారేజీలో బ్యారేజీ కూడా ఫ్రెంచి మాటే, అడ్డుకట్ట అని అర్థం. గ్యారేజీ, కూపన్, రెస్టారెంట్ ఆ ఇంటివే. వీశెలు, మణుగులు పోయి కిలోలు, లీటర్లు, మీటర్లు వచ్చాయే, ఆ కొలతలను ఫ్రెంచి విప్లవ కాలంలో వాళ్లు తయారుచేసుకున్నారు. మనం 1956లో చట్టం చేసి తెచ్చుకున్నాం. ఫిజిక్సు పుస్తకంలో ఆంపియర్, కూలూంబ్, పాస్కల్ అందరూ ఫ్రెంచివాళ్లే. వాళ్లందరిలో మన ప్రాంతానికి దగ్గరివాడు ఆన్రీ దార్సీ. దిజోఁ అనే ఊరికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు. గొట్టంలో ఇసుక నింపి, దాని గుండా నీరు ఎంత వేగంగా దిగుతుందో కొలిచి, 1856లో అచ్చువేశాడు. మన చేలల్లో బోరు ఎంత ఊరుతుందో లెక్కగట్టేవాళ్లు ఈనాటికీ ఆ సూత్రం దగ్గరే మొదలుపెడతారు. బోర్లు ఎండి అప్పులైన ఇళ్లు ఉన్న ఊళ్లో, ఆ పేరు పిల్లలకు తెలిసి ఉండాలని నా కోరిక.

ఫ్రెంచివాళ్లు మన గడపకు కొత్త కాదు. 1751లో బుస్సీ సేన కర్నూలు కోటను పట్టుకుంది. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోని జాగీరుదారుగా ఉన్నప్పుడు ఆయన కొలువులో ఫ్రెంచి దళం ఉండేది. వాళ్లు యుద్ధం కోసం వచ్చారు, పోయారు, భాష మిగల్లేదు. భాష మిగిలిన తెలుగు ఊరు యానాం. కాకినాడ దగ్గరున్న ఆ ఊరు 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. అక్కడి తెలుగువాళ్లు తరాలపాటు ఆఫీసు కాగితాలు ఫ్రెంచిలో నడిపారు.

మారిషస్ కథ ఇంకా బాగుంటుంది. కోరంగి రేవు నుంచి కూలిపనికి వెళ్లిన మనవాళ్లను అక్కడ కోరంగీలని పిలిచేవారు. ఇప్పుడు అక్కడ ఉగాది దేశమంతటికీ సెలవు. అక్కడి బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి తప్పనిసరి, తెలుగు కోరుకుంటే తీసుకోవచ్చు. అంటే మన మిత్రుల పిల్లల చేతికి వచ్చే ఫారమే, తిరగేసి. ఇంట్లో క్రియోల్ మాట్లాడే పిల్లవాడు, ముత్తాత భాష అని తెలుగుకు టిక్కు పెడతాడు. ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగితే వాళ్లేం చెప్తారు?

ఉద్యోగం మాటా చెప్పాలి, లేకపోతే పెద్దాయన ఊరుకోడు. ప్రపంచంలో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు 32 కోట్ల పైచిలుకని అంచనా. ఎక్కువమంది ఆఫ్రికాలోనే ఉన్నారు. నీళ్ల పనులు, సౌర విద్యుత్తు, పంపుసెట్లు అక్కడ మన దేశపు కంపెనీలకు పని. 2030 నాటికి 30,000 మంది మన విద్యార్థులను తీసుకోవాలని ఫ్రాన్సు లక్ష్యం పెట్టుకుంది. భాష రాకపోయినా మొదటి ఏడాది నేర్పి తర్వాత డిగ్రీలోకి పంపే తరగతులు కూడా పెట్టారు. కాబట్టి బడిలో ఫ్రెంచి తీసుకోకపోతే కొంప మునగదు. హైదరాబాదులో ఇఫ్లూ ఉంది, అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, తర్వాతైనా నేర్చుకోవచ్చు. కానీ అలాంటి దారి ఒకటి ఉందని ఎనిమిదో తరగతిలో వినడం వేరు, ముప్పై ఆరేళ్లకు వినడం వేరు.

ఇక అసలు చిక్కు. మన పిల్లల్లో సగం కథ మనందరికీ తెలుసు. పత్తి తీతలు అయ్యాక, మిరపకోతలకు అమ్మానాన్నలు గుంటూరు వైపు సుగ్గికి పోతే బడికి తాళం వేసినట్టే. అవ్వ దగ్గర వదిలిపోయిన పిల్ల వారానికి రెండు రోజులు వస్తుంది, వెంట పోయిన పిల్లవాడు ఉగాది దాటాక వస్తాడు. వాళ్లకు ఫ్రెంచి అంటే ఎగతాళిగా వినిపిస్తుంది, నాకు తెలుసు. అందుకే సంఘం నిధిలో ఒక్క రూపాయి కూడా దీనికి ఖర్చు పెట్టొద్దని కార్యదర్శి గారికి ముందే రాసిచ్చాను. ఆ డబ్బు సుగ్గి నెలల్లో పిల్లలు ఇక్కడే ఉండి, రెండు పూటలా తిని చదువుకోవడానికి పోవాలి. మధ్యాహ్న భోజనం బడి పెడుతుంది, రాత్రి అన్నం మనం పెట్టాలి.

ఫ్రెంచి నేను ఊరికే చెప్తాను. జూన్‌లో బడి తెరిచాక, ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, వీడియో కాల్ మీద. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు పదిమంది చాలు. మార్కులుండవు, పరీక్ష ఉండదు. తెలుగులో ఒక పేజీ తప్పుల్లేకుండా రాయగలిగితే చేర్చుకుంటాను. కన్నడం ఇంటి భాష అయితే కన్నడంలో రాసివ్వొచ్చు. సుగ్గికి పోయిన పిల్లలు అక్కడి నుంచే ఫోన్లో కలవొచ్చు, పేరు తియ్యను. హెడ్మాస్టరు గారూ, ఆదివారాలు కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఈ సభ ముగిసేలోగా చెప్పండి.