కాటా మీద కార్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ముప్పై ఏళ్లు కార్ల తయారీలో పనిచేశాను కాబట్టి పిల్లలకు వేగంగా పోయే కార్ల గురించి చెప్పమన్నారు. పొద్దున్న గేటు దగ్గర తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఆపి, "సార్, సూపర్ కారు గొప్పదా, హైపర్ కారు గొప్పదా?" అని అడిగాడు. రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు గానీ, ఇప్పుడు మైకు దొరికింది కదా!

బాబూ, రోడ్డు మీద తిరిగే కార్లకు ఆ పేర్లు ఏ చట్టమూ పెట్టలేదు. 1966లో లంబోర్గిని మియురా వచ్చింది. పన్నెండు సిలిండర్ల ఇంజన్ని డ్రైవరు వీపు వెనక పెట్టారు. అలాంటివాటిని సూపర్ కార్లన్నారు. 2005లో బుగాటి వేరాన్ వెయ్యి హార్స్ పవర్ తో వచ్చేసరికి సూపర్ అన్న మాట చాల్లేదు, హైపర్ అన్నారు. చిన్న కారులో బలమైన ఇంజన్ పెడితే హాట్ హ్యాచ్. దూర ప్రయాణానికి సుఖమూ వేగమూ రెండూ ఉంటే గ్రాండ్ టూరర్. ఒకరు సూపర్ అన్నదాన్ని ఇంకొకరు ఉత్త స్పోర్ట్స్ కారంటారు. కొట్టుకోవడం దండగ.

నన్నడిగితే కారుని ముందు కాటా ఎక్కించాలి. మనందరం ఎరిగిన పాత మారుతి 800కి 37 హార్స్ పవర్, బరువు సుమారు 650 కిలోలు. అంటే టన్నుకి 57. వేరాన్ బరువు దాదాపు 1,900 కిలోలు. అయినా టన్నుకి 500 దాటుతుంది. 2014లో స్వీడన్ వాళ్లు కొనిగ్‌సెగ్ వన్ వన్ అని ఒకటి చేశారు. కిలో బరువుకి ఒక హార్స్ పవర్, అందుకే ఆ పేరు.

పందెంలోకి దిగితే మాత్రం పేర్లు కావు, రూలు పుస్తకమే. ఫార్ములా అంటే అదే, అందరూ ఒప్పుకున్న నిబంధనల కట్ట. 1982లో ర్యాలీలకు గ్రూప్ బి పెట్టారు. 200 కార్లు తయారుచేసి చూపిస్తే చాలు, మిగతా షరతులు తక్కువ. బలం పెరిగిపోయింది, బరువు తగ్గిపోయింది. 1986లో కోర్సికాలో ఒక కారు లోయలో పడి కాలిపోయి, అందులోని ఇద్దరూ చనిపోయారు. ఆ ఏడాదితో ఆ వర్గాన్నే ఎత్తేశారు. ఇప్పటి జీటీ3 పందాల్లో మరీ ముందుకు పోయే కారుకి అదనపు బరువు తగిలిస్తారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈలో అయితే అందరికీ ఒకే చాసిస్, ఒకే బ్యాటరీ, ఒకే టైర్లు.

ఈ బరువుల లెక్క మన జిల్లాకి కొత్త కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమె పైన ఇద్దరూ 242.5 కిలోలే ఎత్తారు. ఒంటి బరువు తక్కువున్న చైనా అమ్మాయికి బంగారం ఇచ్చారు.

మన డ్రిల్లు మాస్టారూ అంతే. ఆటల పోటీలకు ముందు రేషను డిపో కాటా తెప్పించి మమ్మల్ని తూచేవారు. 40 కిలోల లోపు వాళ్లొక పందెం, ఆపైన వాళ్లొకటి. ఆపైన వాళ్లలో గడ్డాలొచ్చిన వాళ్లుండేవారు. ఎనిమిదో తరగతిలో ముందురోజు రాత్రి నుంచి అన్నం మానేసి కాటా ఎక్కాను. 41 చూపించింది. మాస్టారు నా మొహం చూసి, పుస్తకంలో 40 అని రాశారు. ఆ రోజు వంద మీటర్లలో నాకు ఫస్టు వచ్చింది.

2024లో బెల్జియం గ్రాండ్ ప్రి గెలిచాక జార్జ్ రసెల్ కారుని తూస్తే, ఉండాల్సిన 798 కిలోలకు కిలోన్నర తగ్గింది. గెలుపు తీసేసి, రెండో స్థానంలో ఉన్న హామిల్టన్ కి ఇచ్చేశారు. టీవీ ముందు కూర్చున్న నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లోవాళ్లు బీపీ అనుకున్నారు.

మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. మాస్టారూ, మీ మీద ఫిర్యాదు కాదండీ. ఆ రోజు రెండోవాడుగా వచ్చినవాడు మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒరేయ్, ఆ స్టీలు గ్లాసు సంచీలో తెచ్చాను. భోజనాల దగ్గర తీసుకో.