ఛాయాచిత్రముల కుదింపు



ఉగాది వేడుక ముగిసిన మరునాటికి సంఘ కార్యదర్శి చేతికి మూడు నాలుగు వందల ఛాయాచిత్రములు చేరును. సామాన్యముగా ఒక్కొక్కదాని వెడల్పు 4000 పిక్సెళ్లు, ఎత్తు 3000. అనగా కోటి యిరువది లక్షల చుక్కలు. ఇన్నింటిని ఈమెయిలున పంపబోయిన మోయలేని బరువగును. ఒక్కొక్కటే తెరచి కుదించుటకు ఒక ఆదివారము చాలదు.

లినక్సు వాడువారికి ఈ శ్రమ యక్కరలేదు. సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ కూడ ఆ కుటుంబములోనిదే. అచ్చట ఇట్టి పనికి ఆధారము ఇమేజ్‌మేజిక్ అను ఉచిత సాధనము. డ్యూపాంట్ కంపెనీలో జాన్ క్రిస్టీ దీనిని 1987లో ప్రారంభించెను. 1990లో కంపెనీ అనుమతితో లోకమునకు విడుదలయ్యెను.

ఫైళ్లు చూపు కిటికీకి ‘ఇమేజ్ కన్వర్టర్’ అను చిన్న అనుబంధమును చేర్చుకొన్న చాలును. బొమ్మలన్నింటిని ఎన్నుకొని మౌసు కుడిమీట నొక్కినచో ‘రీసైజ్ ఇమేజెస్’ అను పంక్తి కనబడును. అచ్చట 50 శాతమని యిచ్చిన, వెడల్పును ఎత్తును సగమగును; చుక్కలు నాలుగవ వంతు, అనగా ముప్పది లక్షలు, మిగులును. కాఫీ త్రాగి వచ్చునంతలో పని ముగియవచ్చును.

అయితే ఆ పెట్టెలోనే రెండు దారులు గలవు. ఒకటి, పేరునకు ‘రీసైజ్డ్’ అను తోక తగిలించి క్రొత్త ప్రతి చేయుట. రెండవది, ఉన్నచోటనే మార్చుట. ఇది అసలును చెరిపివేయును. ఆజ్ఞలు టైపు చేయువారు వాడు ‘మాగ్రిఫై’ మరింత నిర్దయ గలది. వేరొక ఫోల్డరు చూపనిచో, అడుగకయే అసలుపై వ్రాయును. నకలు తీసి అసలును చించివేయు గుమాస్తా ఏ కార్యాలయముననైన నుండునా?

సంచికలో మంచి ముద్రణకు అంగుళమునకు 300 చుక్కలు కావలెను. ఆరంగుళముల బొమ్మకు 1800. తెరకొరకని 600కు కుదించినది రెండంగుళములకు మించి నిలువదు. మరల పెంచినను పోయిన ముఖరేఖలు తిరిగి రావు. ముందు వరుసలో కూర్చున్నవారిలో కొందరు వచ్చు ఉగాదికి బదిలీపై ఏ గౌహతికో పోవుదురు. కొందరు పదవీ విరమణ చేసి స్వగ్రామము చేరుదురు. ఆ బృందమును మరల కూర్చుట ఎవరి తరము?

కావున అసళ్లను ముందుగా వేరొక డిస్కులో నకలు చేసి, రెండు బొమ్మలపై పరీక్షించి చూచి, ఆపైననే మిగిలినవానిని ఎన్నుకొనవలెను.