సెలవు దినములలో ఎగ్మూరు మ్యూజియము
(మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



వేసవి సెలవులు సమీపించుచున్నవి. పిల్లలను ఎచ్చటికి తీసికొనిపోవుదుమా యని ప్రతి గృహమునందును ఆలోచన సాగుచుండును. సముద్రతీరమునకు పోవుట కలదు. బంధువుల యిండ్లకు పోవుట కలదు. వానితోపాటు ఒక శనివారమో, ఆదివారమో ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమునకు కుటుంబసమేతముగ పోవలసినదని కోరుటకే మేమీ సభలో మాటాడుచున్నాము. ఆ సంస్థకు వారపు సెలవు శుక్రవారము; కావున శని, ఆదివారములు పిల్లలకును, ఉద్యోగులైన పెద్దలకును అనుకూలములు.

చెన్నపట్టణపు తెలుగువారికి ఆ స్థలము క్రొత్తది కాదు. మన తాతలు జంతువుల తోటను 'బ్రతికిన కాలేజీ' యనియు, మ్యూజియమును 'చచ్చిన కాలేజీ' యనియు పిలుచుచుండెడివారు. 1851లో ప్రారంభమైన ఆ సంస్థ 1854లో ఎగ్మూరులోని పాంథియను భవనమునకు మారినది. తాతలు పెట్టిన పేరు పరిహాసమునకే యైనను, అది నిజమగుటయు కాకపోవుటయు నేడు మనము పిల్లలకు చెప్పెడి మాటలనుబట్టి యుండును.

అచ్చటి అమరావతి శిల్పములను గూర్చి ముందుగా చెప్పవలయును. కృష్ణకు దక్షిణపు టొడ్డున శిథిలమైయున్న స్తూపపు దిబ్బను మెకంజీ దొర 1797లో చూచెను. 1816లో మరల వచ్చి కొలతలు తీయించి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరినవి. వానిలో చాలభాగము 1859లో ఓడనెక్కి లండనుకు పోయినది. నేడది బ్రిటిషు మ్యూజియములో నున్నది. తరువాతి త్రవ్వకములలో దొరకినవానిలో పెక్కు ఎగ్మూరు చేరి యిచ్చటనే నిలిచినవి. ఆ శిలలు కృష్ణాతీరమును విడిచి యిచ్చట స్థిరపడి నూరేండ్లు దాటినది. మన కుటుంబములలో కొన్ని అంతకు మునుపే వచ్చినవి.

అందొక గుండ్రని ఫలకమును పిల్లలకు తప్పక చూపవలయును. మదించిన నలగిరి యను ఏనుగు రాజవీథిలో మనుష్యులను త్రొక్కుచున్నది. జనులు మేడల కిటికీలనుండి తొంగి చూచుచున్నారు. ఆ ఫలకముననే, ఒక ప్రక్కగా, ఏనుగు బుద్ధుని పాదములయెదుట మోకరిల్లియున్నది. ఏనుగులెన్ని యని పిల్లవానిని అడుగుడు. రెండు అనును. కాదు, ఒక్కటే; మునుపటి కోపమును, పిమ్మటి శాంతమును శిల్పి ఒకే రాతిపై చెక్కినాడని మెల్లగ చెప్పుడు. మరికొన్ని ఫలకములలో బుద్ధుని రూపమే కానరాదు. పాదముద్రలు, చక్రము, ఖాళీగానున్న ఆసనము మాత్రమే యుండును. ఆయన యెచ్చట నున్నాడో కనుగొనుమని పిల్లలకు విడిచిపెట్టుడు.

ఆ స్తూపమునకు శిలలను దానమిచ్చినవారు రాజులు మాత్రమే కారు. వర్తకులు, భిక్షుణులు, గృహిణులు, చర్మకారులు తమ పేర్లను రాళ్ళపై వ్రాయించుకొనిరి. ఆ శాసనముల భాష ప్రాకృతము. అయినను అమరావతి శాసనములలో నొకచోట గల 'నాగబు' అను మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుగు పదముగా గుర్తించిరి.

ఇంత చెప్పుటకు కారణము కలదు. మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుదురు, చాలమంది చదువనేరరు. వారికి వచ్చిన తెలుగు భోజనమునకును, కోపతాపములకును సరిపోవుచున్నది. చరిత్రను గూర్చియో, కళను గూర్చియో ఒక మాట చెప్పవలసివచ్చినచో వెంటనే ఆంగ్లములోనికో, తమిళములోనికో జారిపోవుదురు. దోషము వారిది కాదు. ఆ సంగతులను తెలుగులో వినెడి అవకాశము వారికి దొరకలేదు. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చినపిమ్మట బడిలో తమిళము తప్పనిసరియైనది. తమిళము చక్కగ నేర్చుట మనకు లాభమే. కాని బడిలో తెలుగునకు మిగిలిన చోటు ఇరుకైనది. బడి చేయు పనిని మ్యూజియము చేయజాలదు. అయినను తాతయో, అమ్మమ్మయో ప్రక్కన నిలిచి ఒక గంటసేపు శిల్పమును గూర్చి తెలుగులో మాటాడినచో, ఈ భాషలో పెద్ద సంగతులను గూడ చెప్పవచ్చునని పిల్లవానికి తెలియును.

అచ్చటికి పోవుట మనవి మాత్రమే చూచి మురియుటకు కాదు. కంచు విగ్రహముల శాలలోని తిరువాలంగాడు నటరాజమూర్తిని చూడక వచ్చుట తగదు. చోళశిల్పుల ఆ పనితనమును ఫ్రెంచి శిల్పి రోడాఁ ఎంతయో కొనియాడెను. పొరుగింటి తమిళ బాలురను గూడ వెంట తీసికొనిపోవుడు. మన పిల్లలు వారికి నలగిరి కథ చెప్పుదురు. వారు మన పిల్లలకు నటరాజును చూపుదురు.

కొన్ని సూచనలు. ఒకనాటిలో సర్వమును చూడ యత్నింపవలదు. కాళ్ళు నొచ్చిన పిల్లలు మరల రారు. ఒకటి రెండు శాలలు చాలును. ఏ శాలలు తెరచియున్నవో ముందుగా విచారించుకొనుడు. ప్రతి పిల్లవానికి ఒక కాగితమును, పెన్సిలును ఇచ్చి నచ్చిన బొమ్మను గీయనిండు. మావటి, గవాక్షము, పద్మము, సింహాసనము వంటి పది మాటలను ఆ బొమ్మ క్రింద తెలుగు లిపిలో వ్రాయించుడు. తంజావూరి వారికి సరస్వతీమహలు కలదు. తెలుగున కావ్యములు రచించిన రఘునాథనాయకు డేలిన ఊరది. అచ్చటి గ్రంథాలయమున తెలుగు తాళపత్రములున్నవి. మధుర వారికి తిరుమలనాయకుని మహలు కలదు.

తరువాతి ఆదివారము ఇంటనే ఒక చిన్న ప్రదర్శనము పెట్టుడు. అటకపై నున్న సోల, తవ్వ, మానిక క్రిందికి దింపుడు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని బియ్యము కొలిచి చూపుడు. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చినపిమ్మట ఆ పాత్రలు అటకనెక్కినవి. వానితో ఆ మాటలును ఎక్కినవి. కవ్వము, తిరుగలి, అమ్మమ్మ పెట్టె, ఏది యున్న నది చాలును. ఒక్కొక్క వస్తువు ప్రక్కన దాని పేరును, దానిని వాడినవారి పేరును పిల్లలే తెలుగులో వ్రాసి పెట్టవలయును. ఎగ్మూరులోని పలకలు ఆంగ్ల, తమిళములలో నుండును. మన యింటి పలకలు తెలుగులో నుండుట మన చేతిలోని పని.

1977 మొదలు మే 18ని అంతర్జాతీయ మ్యూజియము దినముగా జరుపుచున్నారు. ఆ దినమునకు దగ్గరి ఆదివారమున, పిల్లలు వ్రాసిన పలకలతో సహా ఈ వస్తువులను మన సంఘభవనమునకు తెండు. ఒక సాయంకాలము బల్లలపై పరచి అందరమును చూతము. వస్తువులను గూర్చి చెప్పువారు మాత్రము పిల్లలే కావలయును. పెద్దలము కూర్చుండి విందము.