సంతకాల వేళ లేనివాళ్లు



కొట్టు గుమస్తాల హక్కుల కోసం జీవితమంతా తిరిగిన మనిషి జ్ఞాపకార్థం పెట్టుకున్న సభ ఇది. ఇక్కడ మాట్లాడటానికి దక్షిణ కాలిఫోర్నియా సూపర్ మార్కెట్ ఉద్యోగుల సమ్మెను ఎంచుకున్నాను. జరిగి ఇరవై ఏళ్లు దాటినా, దాని ముగింపు నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

2003 అక్టోబర్ 11న వాన్స్ దుకాణాల ఉద్యోగులు సమ్మెకు దిగారు. మర్నాడే మరో రెండు సూపర్ మార్కెట్ సంస్థలు, రాల్ఫ్స్, ఆల్బర్ట్‌సన్స్, లాకౌట్ ప్రకటించాయి. ఒకరి మీద సమ్మె చేస్తే ముగ్గురి మీదా చేసినట్టేనన్నది ఆ సంస్థల వాదన. బిల్లు కొట్టేవాళ్లు, సరుకు సంచుల్లో సర్దేవాళ్లు, అరల్లో సామాను పేర్చేవాళ్లు సుమారు 60 వేల మంది రోడ్డు మీదికి వచ్చారు.

తగువు ముఖ్యంగా ఆరోగ్య బీమా గురించి. అమెరికాలో పనిచేసే వయసువాళ్లలో ఎక్కువమందికి ఉద్యోగం ఉంటేనే బీమా. ఈ దుకాణాల్లో చాలామంది పార్ట్‌టైమ్ మనుషులు. పని గంటలు తగ్గిన వారం చేతికొచ్చేదీ తగ్గుతుంది. అయినా అదే కౌంటర్ దగ్గర ఏళ్లకేళ్లు నిలబడ్డారంటే, ప్రీమియం కట్టే పని లేకుండా ఇంటిల్లిపాదికీ దొరికే వైద్యం ఒక పెద్ద కారణం. ఇకమీదట ప్రీమియంలో వాటా కట్టాలన్నాయి యాజమాన్యాలు. కొత్తగా చేరేవాళ్లకు జీతమూ బీమా రెండూ తక్కువే అన్నాయి. వాల్‌మార్ట్ కాలిఫోర్నియాలో 40 సూపర్ సెంటర్లు తెరుస్తామంటోంది, ఆ పోటీకి తట్టుకోవాలి కదా అన్నాయి. ఆ భయం ఉత్తది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇంకా రాని పోటీకి ముందుగానే ఖర్చు తగ్గించుకోవాలంటే, ఆ కోత ఉద్యోగి ఇంట్లో పిల్లల మందుల దగ్గరే ఎందుకు మొదలవ్వాలి?

సమ్మె 141 రోజులు సాగింది. అక్టోబర్ చివర్లో ఉద్యోగుల సంఘం రాల్ఫ్స్ ముందు పికెటింగ్ ఎత్తేసింది. జనం అక్కడ కొనుక్కుంటే మిగతా రెండు సంస్థలు దారికొస్తాయని ఆశ. ఆ ఎత్తు పారలేదు. సమ్మె రోజుల్లో ఒకరికి పెరిగిన ఆదాయాన్ని మిగిలినవాళ్లతో పంచుకోవాలని ఆ సంస్థలు ముందే ఒడంబడిక రాసుకున్నాయి. సంఘాలు తమలో తాము ఐక్యత గురించి ఎంత చెప్పుకున్నా, ఆ చలికాలం అంత పకడ్బందీగా కలిసి నిలబడింది యాజమాన్యాలే. లారీ డ్రైవర్ల సంఘం టీమ్‌స్టర్స్ కొన్ని వారాలు మాత్రమే గోదాముల దగ్గర పికెట్ దాటకుండా తోడు నిలిచింది. ఏడాది మారేసరికి సమ్మెలో ఉన్నవాళ్లకు బీమా కూడా తెగిపోయింది. బీమా నిలుపుకోవడానికి బయటికొచ్చిన మనుషులు వాళ్లు! మరో పక్క, లాకౌట్ చేసిన ఉద్యోగుల్లో కొందరిని రాల్ఫ్స్ దొంగ పేర్లతో లోపల పనికి పెట్టుకుంది. ఆ నేరం ఒప్పుకుని 2006లో జరిమానా, పరిహారం కలిపి 7 కోట్ల డాలర్లు కట్టింది.

2004 ఫిబ్రవరి 29న ఒప్పందం ఖరారైంది. ఓటేసినవాళ్లలో 86 శాతం సరేనన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఇంటి అద్దె కట్టలేక, డాక్టరు దగ్గరికి వెళ్లలేక దాదాపు ఐదు నెలలు గడిపిన మనిషి అంతకన్నా ఏం చేయగలడు? పాతవాళ్ల బీమా చాలావరకు నిలిచింది. కొత్తగా చేరేవాళ్లకు మాత్రం వేరే మెట్టు వచ్చింది. ఒకే కౌంటర్ పనికి పాతవాళ్లు ఎదగగలిగే జీతం గంటకు సుమారు 18 డాలర్లు, కొత్తవాళ్లది సుమారు 15. కొత్తవాళ్లు బీమా కోసం నెలల తరబడి ఆగాలి, భార్యాబిడ్డల బీమాకు ఇంకా ఎక్కువ కాలం ఆగాలి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ఆ కోత ఎవరి మీద పడిందో వాళ్లు పికెట్ లైన్లో లేరు, ఓటింగులో లేరు. వాళ్లింకా ఉద్యోగంలోనే చేరలేదు. యాజమాన్యానికి ఇంతకన్నా సులువైన బేరం ఉండదు: ఎదుట ఉన్నవాడితో సంతకం పెట్టించుకుని, ఎదుట లేనివాడి దగ్గర వసూలు చేసుకోవడం. ఆ తర్వాత పాతవాళ్లు వెళ్లిపోతున్న కొద్దీ, తక్కువ జీతమే ఆ దుకాణం మామూలు జీతమైపోతుంది. సంఘం ఈ ప్రమాదాన్ని గుర్తించింది. 2007 ఒప్పందంలో ఆ రెండు మెట్ల పద్ధతిని తీసేయించింది. మధ్యలో ఆ మూడేళ్లు తక్కువకు పనిచేసినవాళ్ల నష్టం మాత్రం ఎవరూ పూడ్చలేదు.

మన హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలోనూ ఒకే వరుసలో సరుకు సర్దే ముగ్గురికి ముగ్గురు యజమానులుండొచ్చు: దుకాణం, మ్యాన్‌పవర్ ఏజెన్సీ, సబ్బులో బిస్కట్లో అమ్ముకునే కంపెనీ. సంఘం పెట్టుకుందామంటే ఎవరితో బేరమాడాలో తేలదు. అయినా మనకు, చట్టం వర్తించే దుకాణాల్లో నెల జీతం 21 వేలు దాటనివాళ్లకు, ఈఎస్ఐ వైద్య బీమా ఉంది. ఆ సమ్మె నాటి కాలిఫోర్నియా ఉద్యోగికి అలాంటి వైద్య బీమా పథకం లేదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషికి కూడా ముందుగా చందా కట్టాల్సింది అసలు యజమాని, అంటే దుకాణమేనని 1948 నాటి ఈఎస్ఐ చట్టమే చెప్పింది. కాబట్టి దుకాణ ఉద్యోగుల సంఘాలు జీతం చర్చలకు కూర్చునేటప్పుడు ఏజెన్సీ మనుషుల ఈఎస్ఐ నంబర్ల జాబితాను మొదటి రోజే బల్ల మీద పెట్టమని అడగాలి. ఆ జాబితా వచ్చేదాకా మిగతా పద్దుల్లోకి వెళ్లకూడదు.