ఇంటర్నెట్టు మొత్తంగా ఆగిపోతుందా?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మేము చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఇప్పుడు సొసైటీ పని సగం ఫోన్లోనే. చీర ఫోటో బెంగళూరు అంగడికి పోయేది వాట్సాప్‌లో, ఆర్డరు వచ్చేది దాంట్లోనే, డబ్బు పడేది కూడా ఫోన్లోనే. అందుకే మన పిల్లలు అడుగుతా ఉంటారు, ఇదంతా ఒకనాడు ఆగిపోతే ఎట్ల అని. తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్న కాడికి చెప్తాము.

లోకం మొత్తాన్ని ఒక్కసారిగా ఆపే స్విచ్చి ఎక్కడా లేదు. 1969లో అమెరికాలో నాలుగు కంప్యూటర్లను కలిపి దీన్ని మొదలుపెట్టినారు. మనం పంపే ఫోటో చిన్న చిన్న ముక్కలుగా పోతుంది. ఒక దారి మూసుకుంటే ఇంకో దారిన పోయి చేరుతుంది. దేశాల మధ్య పోయేది ఎక్కువగా సముద్రం అడుగున వేసిన కేబుళ్ళలోనే. అవి మన చెన్నైలో, ముంబైలో ఒడ్డుకు వస్తాయి. 2008 జనవరిలో ఈజిప్టు పక్క సముద్రంలో కేబుళ్ళు తెగితే మన దేశంలో ఇంటర్నెట్టు బాగా నెమ్మదించింది, కానీ నిలిచిపోలేదు. పడుగులో నాలుగు పోగులు తెగినంత మాత్రాన గుడ్డంతా ఊడిపోదు కదా, ఆ మాదిరి.

దారి ఒకటే ఉన్న చోట కథ వేరు. 2011లో జార్జియా దేశంలో 75 ఏండ్ల అవ్వ ఒకామె రాగి కోసం నేల తవ్వితే కేబుల్ తెగింది. పక్కనున్న ఆర్మేనియా దేశంలో కొన్ని గంటలు ఇంటర్నెట్టే లేదు! నవ్వొస్తుంది గానీ, మన రోడ్లు తవ్వేటప్పుడు జరిగేది కూడా అదే కదా.

మాకు దిగులు సముద్రం గురించి కాదు, సర్కారు ఆర్డరు గురించి. 2011లోనే ఈజిప్టు ప్రభుత్వం దాదాపు దేశమంతా అయిదు రోజులు ఆపేసింది. మన తమిళనాడులో 2018 మే నెలలో తూత్తుకుడి కాల్పుల తర్వాత తూత్తుకుడి, తిరునెల్వేలి, కన్యాకుమారి జిల్లాల్లో ఆపినారు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవ జరిగితే కోనసీమలో రోజుల తరబడి లేదు. అమలాపురం పక్కనే బండారులంక ఉంది, మనలాగే మగ్గాలున్న ఊరు. గొడవతో ఏ సంబంధమూ లేని నేతగానికి కూడా ఫోన్లో ఆర్డరు రాదు, డబ్బు పడదు. ఇది మాకు న్యాయంగా తోచదు. ఇట్లా గడువు లేకుండా ఆపకూడదని, ఆర్డరును అందరికీ తెలిసేటట్టు ప్రకటించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. పిల్లలు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇంటర్నెట్టు ఆపినా చాలాసార్లు మామూలు కాల్ పోతుంది. 2019లో కాశ్మీరులో అదీ లేదు. కాబట్టి మా సొసైటీలో మూడు పనులు చేసినాము. ఒక వారం కూలికి సరిపడే రొక్కం పెట్టినాము. ఆడిట్‌లో ఎందుకని అడిగితే చెప్పుకుంటాము. ఆర్డరు రాగానే రంగు, కొలత, అంచు, గడువు పుస్తకంలో రాస్తాము. వ్యాపారుల నంబర్లు, అడ్రసులు కాగితం మీద రాసి గోడకు అంటించినాము. మా ఆఫీసు పిల్ల మొదట నవ్వింది, ఇప్పుడు పుస్తకం రాసేది ఆ పిల్లే.

ఈ సంచిక ఫోన్లోనే వస్తుందంట. ఫెడరేషన్ వాళ్ళు ప్రతి సొసైటీకి ఒక కాపీ కాగితం మీద అచ్చు తీసి పంపితే బాగుంటుంది. దాని ఖర్చు మేమూ కొంత పెట్టుకుంటాము.