ఇంటిపన్ను కాగితం చదివి మడవండి



మనం చదవకుండానే మడిచి గూట్లో పెట్టే కాగితం ఏదైనా ఉందంటే, అది ఇంటిపన్ను నోటీసే. పెళ్ళిపత్రిక రెండుసార్లు చదువుతాం. కరెంటు బిల్లు ఎక్కువ వస్తే మీటరు దగ్గరికి పోయి చూస్తాం. ఇంటిపన్ను మాత్రం, సర్కారు వేసింది గదా, సరిగ్గానే ఉంటుందిలే అనుకుంటాం. ఒక్కొక్కసారి ఉండదు. ఆ సంగతే ఈ రోజు మీతో చెప్పుకుందామని వచ్చాను.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఒక పట్టణంలో మా ఆడబిడ్డ ఉంటుంది. ఊరి పేరు మనకు అక్కర్లేదు. భర్త పోయిన తరువాత వచ్చే పింఛనుతోనే ఇల్లు గడుపుకుంటుంది. ఉన్నట్టుండి ఆమె ఇంటిపన్ను రెండింతలు దాటింది. “కట్టి పారేస్తె అయిపోతది వదినె, ఆఫీసు చుట్టు ఎవరు తిరుగుతరు?” అన్నది. కట్టినంత మాత్రాన అయిపోదమ్మా, తప్పు లెక్క వచ్చే ఏడూ వస్తుంది, ఆ పై ఏడూ వస్తుంది అని చెప్పి, ఇద్దరం ఆ నోటీసు ముందర వేసుకుని కూర్చున్నాం.

ఈ పన్ను ఎట్లా లెక్క కడతారో ముందు తెలుసుకోవాలి. మన తెలంగాణ పట్టణాలలో దీనికి పునాది ఏడాది అద్దె విలువ. మనం అద్దెకు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ ఇంటికి ఇంత అద్దె వస్తుందని అంచనా వేస్తారు. అందుకు ఐదు సంగతులు చూస్తారు. ఇల్లు ఏ ప్రాంతంలో ఉంది, ఏ రకం కట్టడం, విస్తీర్ణం ఎంత, ఎన్నేళ్ళ నాటిది, కాపురానికా వ్యాపారానికా. చదరపు మీటరుకు నెలకు ఇంత అన్న ధరను విస్తీర్ణంతోనూ, పన్నెండు నెలలతోనూ గుణిస్తారు. ఇంటి వయసును బట్టి కొంత తగ్గిస్తారు. మిగిలినదాని మీద పన్ను, ఆ పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు. ఈ ఐదింటిలో ఒక్కటి తప్పినా కింది అంకెలన్నీ తప్పినట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆస్తి విలువ మీద లెక్క కడుతున్నారు గనుక, అక్కడి చుట్టాల పన్నుతో మన పన్ను పోల్చుకుని లాభం లేదు.

మేము టేపు తీసుకుని కొలిచాం. ఇల్లు 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. అంటే 720 చదరపు అడుగులు. చదరపు మీటరుకు పదిముప్పావు చదరపు అడుగుల లెక్కన సుమారు 67 చదరపు మీటర్లు. నోటీసులో 111 ఉన్నది! ఎక్కడినుంచి వచ్చిందబ్బా అని ఆలోచిస్తే, వెనక తులసిగద్దె ఉన్న ఖాళీ వాకిలి కూడా కలిపి, 24 అడుగులు 50 అడుగుల జాగా మొత్తం ఇల్లుగా రాశారని తెలిసింది. ఇంకొక సంగతి. ముందు గదిని దుకాణం కింద రాశారు. ఎప్పుడో కిరాయికి ఉన్నవాళ్ళు నడిపిన కిరాణా కొట్టు పేరు గోడ మీద ఇంకా చెరిగిపోలేదు. చూసినవాళ్ళు అదే రాసుకున్నారు. గోడకు సున్నం వేయించని తప్పు మనది కూడా!

కొలిచేటప్పుడు ఇంకొకటి బయటపడింది. ఈమధ్యనే వెనక కట్టుకున్న స్నానాలగది, 6 అడుగులు 8 అడుగులు. పాత లెక్కలో అది లేదు. “అది రాయకు వదినె” అన్నది మా ఆడబిడ్డ. రాయవలసిందే అన్నాను. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రకారం ఇంటి వివరాలు మనమే ప్రకటించుకోవచ్చు. కాని అబద్ధం చెప్పినట్టు తేలితే, తేడాకు 25 రెట్లు జరిమానా. చట్టం సంగతి అటుంచి, ఒక తప్పు సరిదిద్దమని అడగబోతూ ఇంకొక తప్పు దాచుకుంటే మన మాటకు బలమేముంటుంది?

పన్ను లెక్కను ప్రశ్నించడం సర్కారు మీద తిరుగుబాటు కాదు. గుంటూరు పట్టణంలో పన్ను కట్టేవాళ్ళు సంఘంగా కోర్టుకు పోయారు. మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అద్దెల నియంత్రణ చట్టం ప్రకారం న్యాయమైన అద్దె ఎంతో, దాన్ని బట్టే పన్ను వేయాలని 1970లో సుప్రీంకోర్టు చెప్పింది. తరువాత చట్టాలు మారాయి గాని, లెక్కకు ఆధారం ఏమిటని అడిగే హక్కు మారలేదు.

ఇక చేయవలసిన పని. నోటీసు అందిన తేదీ దాని మీదనే రాసి పెట్టుకోండి. అభ్యంతరానికి ఎంత గడువు ఇచ్చారో చూసి, ఆలోగానే కమిషనరు పేర పిటిషను పెట్టండి. “పన్ను ఎక్కువైంది, దయచూడండి” అని రాయకండి. అసలు కొలత ఇంత, మీరు రాసింది ఇంత, వచ్చి కొలవండి అని రాయండి. ఇంటి నక్షా, పాత రసీదులు, రిజిస్ట్రీ కాగితం నకళ్ళు జతచేయండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. రెండో ప్రతి మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. వాళ్ళు కొలిచిన కాగితం చూపకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చు. పిటిషను పెట్టాం గదా అని పన్ను మొత్తం ఆపకండి. ఒప్పుకున్నంత కట్టి రసీదు తీసుకుంటే, దాని మీద వడ్డీ పెరగదు.

మా ఆడబిడ్డ మొదటిరోజు పోతే, “మగవాళ్ళను పంపమ్మా” అన్నారట. ఇల్లు నా పేర ఉన్నది, దస్కతు నాది, నేనే మాట్లాడుత అని అక్కడే బల్ల మీద కూర్చున్నది. మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి వాళ్ళే ఇంటికి వచ్చి కొలిచారు. స్నానాలగదితో కలిపి 768 చదరపు అడుగులు, సుమారు 71 చదరపు మీటర్లుగా దిద్దారు. దుకాణం అన్న మాట కొట్టివేశారు. పన్ను పాతదానికంటే కొద్దిగా పెరిగింది, స్నానాలగది వల్ల. ఆ పెరిగిన రూపాయలు ఆమె సంతోషంగానే కట్టింది. న్యాయంగా పడిన పన్ను బరువు కాదు గదా.

పన్నుతోనే మన వీధి దీపం, మన మోరీ. ఎగవేయమని ఎవరికీ చెప్పను. ఈ సాయంత్రం గూట్లోంచి ఆ కాగితం తీసి, టేపు పట్టుకుని, పిల్లలను ఒక కొస పట్టుకోమని, ఒక్కసారి కొలిచి చూడండి. అంకెలు కలిస్తే నిశ్చింత. కలవకపోతే కలం తీయండి.

సెలవు.