కడుపులో బిడ్డకు వినిపించేదేమిటి?

(మల్దకల్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కడుపులోని బిడ్డతో మాట్లాడమని తొలి కాన్పు తల్లులకు ఇప్పుడు శిక్షణ ఇస్తున్నారు. నేను దానికి వ్యతిరేకిని కాను. ఆరో నెల దాటేసరికి బిడ్డకు శబ్దాలు తెలుస్తాయి. పుట్టిన శిశువు తల్లి గొంతు గుర్తుపడుతుందని 1980లోనే పరిశోధకులు చూపారు.

నా అభ్యంతరం వేరు. 2023 జూన్‌లో అప్పటి మన గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సంవర్ధినీ న్యాస్ వారి 'గర్భ సంస్కార్' కార్యక్రమాన్ని ప్రారంభిస్తూ గర్భిణులు సుందరకాండ చదవాలన్నారు. ఏ తీరిక ఉన్న స్త్రీని దృష్టిలో పెట్టుకుని? ఇక్కడి సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గలు ఒలిచి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దేది ఎక్కువగా ఆడవాళ్లే. వారాల తరబడి నిలబడి చేసే పని. మందు కొట్టిన చేను. అక్కడ బిడ్డకు వినిపించేది తల్లి ఆయాసం.

అభిమన్యుడి కథలో సుభద్ర నిద్రపోయిందంటాం. ఆమె ఎంత అలసిందో ఎవరమూ అడగలేదు. బిడ్డకు ఏ లోటు వచ్చినా తల్లి నెత్తిన రుద్దడం మనకు పాత అలవాటే.

సంఘటిత రంగంలో 2017 నుంచి మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు ఉంది. పత్తి కూలీకి ఒక్కరోజూ లేదు. 2013 ఆహార భద్రతా చట్టం మాత్రం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు హక్కుగా రాసింది. ఆ హక్కును అడుగుదాం. కూలి పోని విశ్రాంతినీ అడుగుదాం. అంగన్‌వాడీ సమావేశంలో భర్తనూ కూర్చోబెట్టి, బిందె మోయడం తన పనే అని చెబుదాం.

కాస్త విశ్రాంతి దొరికితే, బిడ్డతో ఏం మాట్లాడాలో తల్లికి ఎవరూ నేర్పనక్కర్లేదు.